నల్లమల యురేనియం, కృష్ణ నీరు: గుంటూరు, విజయవాడ సభల కేస్ స్టడీ

గుంటూరులోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో నేను మెడికల్ ఫిజిసిస్టుగా, రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుగా పనిచేస్తున్నాను. రోగికి ఎంత మోతాదు ఇవ్వాలో లెక్కకట్టడం, యంత్రం ఆ మోతాదునే ఇస్తున్నదని రోజూ సరిచూడడం, చికిత్స గది గోడల బయట ఉన్నవారికి రేడియేషన్ సోకకుండా చూడడం నా పని. అణు విద్యుత్తు నేరుగా నా రంగం కాదు. అయితే రేడియేషన్‌ను కొలవడమే వృత్తిగా ఉన్నవారు మా ప్రాంతంలో కొద్దిమందే కావడం వల్ల, 2019లో నల్లమల యురేనియం వార్తలు పత్రికలకెక్కినప్పుడు ఊళ్లో పుట్టిన భయాలూ అనుమానాలూ మా ఆసుపత్రి వరండా దాకా వచ్చాయి. ఆ ప్రశ్నలకు గుంటూరులోనూ, తరువాత విజయవాడలోనూ కొందరం కలిసి సభల్లో సమాధానం చెప్పాము. ఎలా చెప్పామో, దానివల్ల ఏమి మారిందో, ఏది మారలేదో ఇటువంటి పనికి పూనుకునే వైద్యులకు, అధ్యాపకులకు, ఇంజనీర్లకు ఉపయోగపడుతుందని ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాను.

నేపథ్యం

నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా సంఘం 2019 మే నెలలో సూత్రప్రాయంగా సమ్మతి తెలిపింది. అన్వేషణ చేయవలసినది హైదరాబాదు కేంద్రంగా ఉన్న అణు ఖనిజ అన్వేషణ సంచాలకాలయం. సుమారు 4,000 బోర్లు వేస్తారన్న వార్త రావడంతో అడవిలోని చెంచు గిరిజనుల గూడేలైన పెంటల నుంచి హైదరాబాదు దాకా నిరసనలు జరిగాయి. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఈ వివాదానికి అంతకుముందే చరిత్ర ఉంది. నాగార్జునసాగర్ జలాశయానికి దగ్గరలో ఉన్న లంబాపూర్, పెద్దగట్టు నిక్షేపాలపై 2003లోనే ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, అప్పుడూ గట్టి వ్యతిరేకత వచ్చింది.

పైకి ఇది తెలంగాణ వ్యవహారంలా కనిపించినా గుంటూరు వారికి అలా అనిపించలేదు. సాగర్ కుడి కాలువ మీద పల్నాడు బతుకుతుంది. గుంటూరు నగరం తాగేదీ కృష్ణ నీరే. పైగా యురేనియం ఉన్నది నదికి ఆవలి ఒడ్డున మాత్రమే కాదు. పల్నాడులోని కొప్పునూరులో కూడా నిక్షేపాన్ని అన్వేషణ సంస్థ గుర్తించింది. ఫోన్లలో తిరుగుతున్న సందేశాలు మరో అడుగు ముందుకు వేసి, సాగర్ నీరు ఇప్పటికే పాడైపోయిందనీ, క్యాన్సర్ ఆసుపత్రులు నిండిపోవడానికి అదే కారణమనీ చెప్పసాగాయి. మా ఓపీలో కూర్చున్న ఒక పెద్దాయన, తన భార్యకు రొమ్ము క్యాన్సర్ రావడానికి కుళాయి నీరే కారణమా అని నన్ను సూటిగా అడిగారు. ఆమెకు అప్పటికి రేడియేషన్ చికిత్స, అంటే జనం కరెంటు పెట్టడం అనేది, సగంలో ఉంది. ఆయనకు ఒక్క మాటలో కాదు అని చెప్పి పంపడం కుదరని పని అనిపించింది, ఎందుకంటే ఆయన అడిగినదానిలో కనీసం నాలుగు ప్రశ్నలు ఉన్నాయి.

ఇదే సమయంలో ఉదయపు నడకకు వచ్చే వారి సంఘం ఒకటి, విశ్రాంత ఉపాధ్యాయుల బృందం ఒకటి సభ పెట్టమని కోరాయి. అంతకుముందు వారు ఏర్పాటు చేసుకున్న ఒక సమావేశంలో ఒక వక్త గంటసేపు పరమాణు నిర్మాణం గురించి వివరించి, చివరికి భయపడవలసినదేమీ లేదని ముగించారట. వచ్చినవారు చప్పట్లు కొట్టి వెళ్లి, మరుసటి రోజే బోరు నీళ్లు మానేసి వాటర్ క్యాన్లు తెప్పించుకున్నారని సంఘం కార్యదర్శి నాతో చెప్పారు. ఈ ఒక్క సమాచారమే మా పద్ధతిని నిర్ణయించింది. విన్నవారు నమ్మలేదంటే వారికి విజ్ఞానం తెలియకపోవడం వల్ల అని అనుకోవడం నిపుణులకు సులభమైన మార్గం. కానీ వారు అడగదలచుకున్నది ఎవరూ వినలేదన్నది నాకు కనిపించిన కారణం.

చీటీలు

అందువల్ల సభకు ముందు ప్రశ్నలు సేకరించాము. గ్రంథాలయంలో, నడక మైదానంలో, మా ఓపీలో పెట్టెలు పెట్టి, పేరు రాయనవసరం లేకుండా చీటీలు వేయమన్నాము. చదవడం రానివారి ప్రశ్నలను మా నర్సులు రాసిపెట్టారు. వచ్చిన చీటీలను ఒక సాయంత్రం బల్లమీద పరిచి చూస్తే భౌతిక శాస్త్రం అడిగినవి తక్కువ. ఎక్కువ భాగం ఈ తరహావి: నీళ్లను ఎవరు పరీక్షిస్తారు? ఆ ఫలితం మాకు చూపిస్తారా? తవ్వేవాళ్లే కొలిస్తే ఎలా నమ్మాలి? మీరు ఆ నీళ్లు తాగుతారా? ఒక మిర్చి వ్యాపారి మాత్రం, ఎగుమతి కోసం గామా కిరణాలతో శుద్ధి చేసిన కారంలో రేడియేషన్ మిగిలిపోతుందా అని అడిగారు. అది గుంటూరుకే చెల్లిన ప్రశ్న.

ఆ చీటీలను మూడు కుప్పలు చేశాము. మొదటిది, శాస్త్రం కొలిచి తేల్చిన సమాధానం ఉన్నవి. రెండోది, సమాధానం ఉంటుంది గానీ ఇక్కడి నీరు, ఇక్కడి మట్టి కొలిస్తే తప్ప చెప్పలేనివి. మూడోది, శాస్త్రవేత్త చెప్పవలసినవి కానివి, అంటే అడవి ముఖ్యమా ఇంధనం ముఖ్యమా, నష్టపోయేవారికి ఏమి ఇవ్వాలి వంటివి. సభలో ప్రతి సమాధానానికి ముందు అది ఏ కుప్పలోదో చెప్పాలన్నది మేము పెట్టుకున్న నియమం. తరువాతి అనుభవం వల్ల నేను చెప్పగలిగింది ఏమిటంటే, మా వివరణలు ఎంత చక్కగా ఉన్నాయన్నదాని కంటే, రెండో కుప్పలోని ప్రశ్నకు మొదటి కుప్పలోని ధీమాతో జవాబు చెప్పకపోవడమే మా మీద నమ్మకం నిలబెట్టింది.

బృందంలో ఒక కిడ్నీ వైద్యుడు, కెమిస్ట్రీ బోధించి రిటైరైన ఒక లెక్చరర్ మాస్టారు, కడప రాళ్లలో పనిచేసిన ఒక భూగర్భ శాస్త్రవేత్త, థర్మల్ కేంద్రంలో ఉద్యోగ విరమణ చేసిన ఒక ఇంజనీరు ఉన్నారు. ప్రతి ఒక్కరూ లేచి తమ జీతం లేదా పెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో మొదటే చెప్పారు. నేను నా జేబుకు తగిలించుకునే టీఎల్‌డీ బ్యాడ్జి చూపించి, మూడు నెలలకోసారి దాన్ని పంపి నాకు ఎంత మోతాదు సోకిందో లెక్క తీయిస్తారని, నా వృత్తి అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల కింద నడుస్తుందని, కాబట్టి రేడియేషన్ అంటే నాకు భయం తక్కువ, గౌరవం ఎక్కువ అని చెప్పాను. వినేవారికి అది తెలిసి ఉండడం అవసరం.

గుంటూరు సభ

సర్వే మీటరు అనే చిన్న పరికరాన్ని తీసుకుని వెళ్లాను. అది చుట్టూ ఉన్న గామా రేడియేషన్‌ను గంటకు మైక్రోసీవర్ట్లలో చూపిస్తుంది (సీవర్ట్ రేడియేషన్ మోతాదుకు కొలమానం; వెయ్యి మైక్రోసీవర్ట్లు ఒక మిల్లీసీవర్ట్). హాలులో ఏ మూలన పెట్టినా అంకె సున్నా కాలేదు, 0.1 చుట్టూ కదులుతూనే ఉంది. గ్రానైటు మెట్లమీద పెట్టినప్పుడు కొంత పెరిగింది. తరువాత పాత పెట్రోమాక్స్ లైటు మాంటిల్‌ను దగ్గర పెట్టాను. అందులో థోరియం ఉంటుంది కనుక మీటరు టకటకా మోగింది. పెళ్లిళ్లలో, జాతరల్లో ఆ లైట్లు మోసిన మనుషులు ఆ హాలులోనే ఉన్నారు. మనిషికి సహజంగా సోకే రేడియేషన్ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్లు అనీ, అందులో దాదాపు సగం నేల నుంచి వచ్చే రాడాన్ వాయువుదే అనీ, అణు కేంద్రాల వంటివాటి వల్ల సాధారణ ప్రజలకు దానికి అదనంగా 1 మిల్లీసీవర్ట్ మించకూడదన్నది నియమమనీ, పొట్ట సీటీ స్కాన్ ఒక్కటే పది మిల్లీసీవర్ట్ల దాకా ఇవ్వగలదనీ ఆ తరువాతే చెప్పాను. ముందు పరికరం, తరువాత అంకె. ఈ వరుస ముఖ్యం, ఎందుకంటే ఎక్కడినుంచి వచ్చిందో చూడని అంకెను ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అంతలో పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక మహిళ లేచి, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా నా ముందు పెట్టారు. "అయ్యా, ఆ మిషనేదో ఈ నీళ్లమీద కూడా పెట్టి చూపించండి," అన్నారు. హాలంతా ముందుకు వంగింది. మీటరు పెడితే అంకె కదలదని నాకు తెలుసు. కదలనందువల్ల ఆ నీరు మంచిదని తేలదని కూడా తెలుసు. యురేనియం అర్ధాయుష్షు, అంటే ఉన్నదానిలో సగం విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం, 450 కోట్ల సంవత్సరాలు. అంత నెమ్మదిగా విచ్ఛిన్నమయ్యే పదార్థం నుంచి వచ్చే రేడియేషన్ చాలా బలహీనం, అందులోనూ ముఖ్యభాగం ఆల్ఫా కణాలు, అవి సీసా గోడ కూడా దాటవు. తాగే నీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు పరిమితి అయితే, దానికి పదింతలు ఉన్నా నా చేతిలోని పరికరం పట్టించుకోదు. దానికి ల్యాబులో ఫ్లోరిమీటరు వంటి పరికరం కావాలి. కాబట్టి పెట్టను అని చెప్పి, ఎందుకు పెట్టనో వివరించాను. ఆ పరికరం పెట్టి "చూశారా, ఏమీ లేదు" అని ఉంటే సభ సంతోషంగా ముగిసేది. కానీ అది అబద్ధం అయ్యేది. నీటి మీద మీటరు పెట్టి అంకె చూపించే వీడియోలు, అవి భయపెట్టేవైనా ధైర్యం చెప్పేవైనా, రెండూ ప్రజలను మోసం చేసేవేనని నేను ఇప్పటికీ ప్రతి సభలో చెబుతున్నాను.

ఆ తరువాత కిడ్నీ వైద్యుడు మాట్లాడారు. నీటిలో కరిగిన యురేనియం విషయంలో మొదట చూడవలసినది క్యాన్సర్ కాదనీ, అది భారలోహంగా మూత్రపిండాలను దెబ్బతీయగలదనీ, నీటి పరిమితిని నిర్ణయించడానికి ఆధారం కూడా అదేననీ ఆయన చెప్పారు. వెంటనే ఉద్దానం ప్రస్తావన వచ్చింది. ఉద్దానం కిడ్నీ వ్యాధికి ఇదీ కారణమని నిర్ధారణగా తేలలేదనీ, తేలనిదాన్ని యురేనియానికి అంటగట్టడం తొందరపాటనీ, అలాగని పరీక్షించకుండా కొట్టిపారేయడం కూడా తొందరపాటేననీ ఆయన నిదానంగా చెప్పారు. మా ఓపీలో అడిగిన పెద్దాయన సభలో వెనక వరుసలో ఉన్నారు. ఒక మనిషికి వచ్చిన క్యాన్సర్‌కు కారణం ఫలానా అని ఏ పరీక్షా వెనక్కి వెళ్లి చూపించలేదని, భారతదేశంలో దాదాపు తొమ్మిది మందిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందన్న అంచనాను ఆయన కోసమే చెప్పాను.

చికిత్స పొందుతున్నవారి ఇళ్లలో మరో భయం ఉంది. కరెంటు పెట్టించుకుని వచ్చిన మనిషి పక్కన పిల్లల్ని పడుకోబెట్టవచ్చా అని చాలామంది అడగలేక అడుగుతారు. ఇక్కడ సోకడం వేరు, అంటుకోవడం వేరు అన్న తేడా చెప్పాలి. పొయ్యి దగ్గర నిలబడిన మనిషి వేడిని ఇంట్లోకి మోసుకురాడు; మిర్చి యార్డులో బస్తాలు మోసిన మనిషి మాత్రం కారాన్ని బట్టల మీద మోసుకొస్తాడు. బయటి నుంచి కిరణాలు పంపే లీనియర్ యాక్సిలరేటరు, కోబాల్టు యంత్రాల కింద పడుకున్న రోగి మొదటి రకం. గామా కిరణాలతో శుద్ధి చేసిన కారమూ అంతే. అందులో రేడియోధార్మికత మిగలదు. థైరాయిడ్ క్యాన్సర్‌కు అయోడిన్-131 మందు మింగిన రోగి రెండో రకం. దాని అర్ధాయుష్షు ఎనిమిది రోజులు కనుక ఆ కొద్ది రోజులూ ఎడంగా ఉండమని చెబుతాము. ఈ రెండో మాట చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పి ఉంటే, అయోడిన్ చికిత్స తీసుకున్న బంధువు ఉన్న ఒక్కరు చాలు, మిగతా మాటలన్నీ అబద్ధమనుకోవడానికి.

బోరు, గని, మిల్లు, రియాక్టరు

ఫోన్ సందేశాలన్నీ ఈ నాలుగింటినీ ఒకటిగా కలిపేశాయి. వీటిని విడదీయడానికి మేము ఎక్కువ సమయం ఇచ్చాము, అది సరైన నిర్ణయమే. అన్వేషణ బోరు అంటే రాతి నమూనా తీయడం. నల్లమలలో పైనున్న క్వార్ట్‌జైటు పొర, కిందనున్న పురాతన గ్రానైటు కలిసే సంధిలో ఖనిజం ఉంటుంది కనుక బోరు ఆ లోతుకు వెళుతుంది. ప్రమాదమల్లా, వేర్వేరు నీటి పొరలను బోరు ఒకదానితో ఒకటి కలిపేయకుండా, పని అయ్యాక సిమెంటుతో సరిగ్గా మూసేశారా లేదా అన్నదానిలో ఉంది. దానికి తోడు, అడవిలోకి రోడ్లు, లారీలు, మనుషులు వెళ్లడం వల్ల చెంచులకు, జంతువులకు కలిగే నష్టం రేడియేషన్ లెక్కలో కనిపించదు. కనిపించని ఆ నష్టాన్ని నిపుణుడు వదిలేయకూడదని మా భూగర్భ శాస్త్రవేత్త పట్టుబట్టి చెప్పారు.

గని, మిల్లు (ఖనిజం నుంచి యురేనియం వేరుచేసే కర్మాగారం) దశ వేరు. ఇక్కడ ఊహించనవసరం లేదు, కడప జిల్లా తుమ్మలపల్లె కళ్ల ముందే ఉంది. అక్కడి ఖనిజంలో యురేనియం శాతం చాలా తక్కువ, 0.05కు కూడా అటూ ఇటుగానే. అంటే తవ్వి తీసిన రాయి దాదాపు మొత్తం ముద్దగా టెయిలింగ్ పాండుకు, అంటే మిల్లు వ్యర్థాలు నిల్వచేసే చెరువుకు, చేరుతుంది. యురేనియం తీసేసినా, ఖనిజంలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం థోరియం-230, రేడియం-226 రూపంలో ఆ ముద్దలోనే ఉండిపోతుంది. రేడియం అర్ధాయుష్షు 1,600 సంవత్సరాలు. కాబట్టి ఆ చెరువు అడుగున లైనింగ్ ఎలా వేశారు, చుట్టూ ఉన్న బావుల్లో నీరు ఎంత తరచుగా పరీక్షిస్తున్నారు అన్నవే అసలు ప్రశ్నలు. అక్కడి రైతులు తమ బోర్ల నీరు మారిపోయిందనీ, అరటి తోటలు దెబ్బతిన్నాయనీ ఏళ్ల తరబడి చెబుతున్నారు. నిర్వహణ సంస్థ ఆ వాదనను ఒప్పుకోలేదు. ఎవరిది నిజమో మేము సభలో తీర్పు చెప్పలేదు. మిల్లు పెట్టకముందు ఆ బావుల్లో నీరు ఎలా ఉందో రైతుల చేతిలో కూడా రికార్డు ఉండి ఉంటే, ఈ వివాదం ఇన్నేళ్లు సాగేది కాదని మాత్రం చెప్పాము.

ఆ మాటే సభను మలుపు తిప్పింది. ఇప్పుడే, ఏమీ జరగకముందే, మన నీటిని పరీక్ష చేయించుకుని రికార్డు ఉంచుకుంటే సరిపోతుంది కదా అని విశ్రాంత ఉపాధ్యాయులలో ఒకరు లేచి అడిగారు. మేము వివరించవలసినది అక్కడితో అయిపోయి, చేయవలసినది మొదలైంది.

నీటి పరీక్ష

కెమిస్ట్రీ మాస్టారు నమూనా తీయడం నేర్పించారు. సీసా శుభ్రంగా ఉండాలి, బోరైతే కొంతసేపు నీరు పోనిచ్చి తరువాత పట్టాలి, నీటిలోని లోహం సీసా గోడలకు అంటకుండా కొద్దిగా నైట్రిక్ ఆమ్లం కలపాలి, సీసా మీద తేదీ, సమయం, చోటు, పట్టినవారి పేరు రాయాలి, ఒకే నీటిని రెండు సీసాల్లో వేరే గుర్తులతో పంపాలి. చివరిది ముఖ్యం. రెండు సీసాలకూ దగ్గర దగ్గర అంకెలు వస్తే ల్యాబు మీద నమ్మకం కుదురుతుంది. ఆ పద్ధతి మాస్టారు చెప్పగానే, "అయితే మమ్మల్ని కూడా ఎవరూ మోసం చెయ్యలేరన్నమాట," అని ఒక రైతు అన్నారు. ఆ మాటలో ఆయన ప్రశ్న, ఆయన సమాధానం రెండూ ఉన్నాయి.

నగరపు కుళాయి నీటిలో యురేనియం పరిమితికి లోపలే ఉందని వచ్చింది. పల్నాడు నుంచి తెచ్చిన ఒక బోరు నీటిలో కూడా అంతే. కానీ అదే నివేదికలో ఫ్లోరైడు పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములను దాటి ఉంది. పల్నాడులో ఫ్లోరైడు కొత్త విషయం కాదు. అయినా యురేనియం ఉందేమోనని భయపడి సీసా తెచ్చిన కుటుంబం, పిల్లల పళ్ల మీద మచ్చలకు కారణమైన నీటినే ఇన్నాళ్లూ అనుమానం లేకుండా వాడుతున్నదని అప్పుడు తెలిసింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరమైంది. ఫ్లోరైడును చూపించి "చూశారా, మీ అసలు సమస్య ఇది, యురేనియం కాదు" అని ఒకదానితో మరొకదాన్ని కొట్టిపారేయాలన్న ప్రలోభం నిపుణులకు కలుగుతుంది. మేము అలా చేయలేదు. రెండు విషయాలనూ వేరు వేరుగా రాసి ఇచ్చాము. ఫ్లోరైడు విషయంలో ఆ కుటుంబం తాగే నీటిని మార్చుకున్నది. యురేనియం విషయంలో నివేదికను భద్రపరిచి, వర్షాలకు ముందూ తరువాతా మళ్లీ పరీక్షించాలని నిర్ణయించుకున్నది.

విజయవాడ సభ

విజయవాడలో ప్రశ్న నీటి నుంచి కరెంటుకు మారింది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద కింద బతుకుతున్నవారు సభకు వచ్చారు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో బంధువులు ఉన్నవారు కూడా వచ్చారు. అక్కడ ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఏపీ1000 అనే అమెరికా నమూనా రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రతిపాదన. ఎ.కొండూరు తండాల కిడ్నీ వ్యాధి గురించి అడిగినప్పుడు వైద్యుడు గుంటూరులో ఉద్దానం గురించి ఇచ్చిన సమాధానమే ఇచ్చారు.

థర్మల్ ఇంజనీరు గారు ముందుగా తన పాత సంస్థకు అనుకూలం కాని మాట చెప్పారు: బొగ్గులోనూ యురేనియం, థోరియం సూక్ష్మంగా ఉంటాయి, కాల్చాక అవి బూడిదలో చేరి గాఢత కొన్ని రెట్లు పెరుగుతుంది. వెంటనే గొడవ మొదలైంది. ఇన్నేళ్లుగా మాకెందుకు చెప్పలేదని అడిగారు. ఆ స్థాయి సాధారణ మట్టితో పోల్చదగ్గదేననీ, కొంత ఎక్కువ ఉండవచ్చనీ, బూడిద వల్ల ఊపిరితిత్తులకు జరిగే హాని రేడియేషన్ వల్ల కాక సన్నని ధూళి వల్ల అనీ ఆయన వివరించాక కూడా కోపం పూర్తిగా చల్లారలేదు. అది న్యాయమైన కోపమేనని నేను భావిస్తున్నాను. చెప్పిన విషయం ప్రమాదకరమైనది కాకపోయినా, చెప్పకుండా ఉంచడం వల్లే అది ప్రమాదంగా కనిపిస్తుంది.

రియాక్టరు బాంబులా పేలుతుందా అన్న ప్రశ్నకు సమాధానం స్పష్టమే. సహజ యురేనియంలో సులభంగా విచ్ఛిత్తి చెందే రకమైన యు-235 ఉండేది 0.7 శాతం, కొవ్వాడకు అనుకున్న తరహా రియాక్టర్ల ఇంధనంలో 3 నుంచి 5 శాతం, బాంబులో 90 శాతం దరిదాపుల్లో. రియాక్టరు ఇంధనం అణుబాంబులా పేలదు. కానీ ఇక్కడితో ఆపితే అది సగం సమాధానం. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో పేలింది ఆవిరి. దాన్ని బంధించగల కట్టడం అక్కడ లేదు. బయటికి వచ్చిన రేడియోధార్మిక అయోడిన్ పచ్చిక మీద, పచ్చిక నుంచి పాలలో, పాల నుంచి పిల్లల థైరాయిడ్‌లో చేరి వేల సంఖ్యలో థైరాయిడ్ క్యాన్సర్లకు కారణమైంది. ఆ పాలు ఆపి ఉంటే వాటిలో చాలా భాగం ఆగేవి. 2011 మార్చి 11న ఫుకుషిమాలో సునామీ వల్ల కరెంటు పోయి, ఇంధనాన్ని చల్లార్చే పంపులు ఆగి, హైడ్రోజను పేలింది. అక్కడ రేడియేషన్ కంటే హడావుడిగా తరలించడం వల్ల వృద్ధులు ఎక్కువగా చనిపోయారు. కాబట్టి కొవ్వాడ గురించి అడగవలసిన వాటిలో తరలింపు ప్రణాళిక ఒకటి. చుట్టుపక్కల ఊళ్లలోని మంచాన పడ్డ పెద్దలను, డయాలసిస్ రోగులను ఎవరు, ఏ బండిలో, ఎక్కడికి తీసుకువెళతారన్న ప్రశ్నను సభలో ఒక ఆశా కార్యకర్త లేవనెత్తారు. మా ఎవరి ప్రసంగంలోనూ లేనంత పదునైన ప్రశ్న అది.

మన దేశపు సంఘటనలను కూడా దాచలేదు. 2009లో కర్ణాటకలోని కైగా అణు కేంద్రంలో తాగునీటి కూలరులో ట్రీటియం అనే రేడియోధార్మిక హైడ్రోజను కలవడం వల్ల కార్మికులకు అదనపు మోతాదు సోకింది. 2016 మార్చిలో గుజరాత్‌లోని కక్రపార్ అణు కేంద్రంలో శీతలీకరణ నాళం నుంచి లీకు అయ్యి రియాక్టరును ఆపవలసి వచ్చింది. 2010లో ఢిల్లీ మాయాపురిలో తుక్కుగా అమ్మేసిన కోబాల్టు పరికరం వల్ల ఒక మనిషి చనిపోయాడు. అది విద్యుత్ కేంద్రానికి సంబంధించినది కాదు, నా వృత్తిలో వాడే పదార్థానికి సంబంధించినది కనుక నేనే చెప్పాను. ఇవి చెబితే జనం భయపడతారని ఒక మిత్రుడు ముందే హెచ్చరించారు. జరిగింది దానికి విరుద్ధం. ఇవి చెప్పిన తరువాతే, యూనిట్ విద్యుత్తుకు జీవితచక్రమంతా కలిపి అణు విద్యుత్తు వెలువరించే కార్బన్ డయాక్సైడు దాదాపు 12 గ్రాములనీ, బొగ్గుది 820 గ్రాములనీ వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి సంఘమైన ఐపీసీసీ 2014 నివేదిక ఇచ్చిన మధ్యస్థ అంచనాను వారు శ్రద్ధగా రాసుకున్నారు.

ఖర్చు విషయంలో చర్చ తెగలేదు. అమెరికాలోని వోగ్‌టిల్‌లో ఇదే తరహా రియాక్టర్లు రెండు 2023, 2024లలో మొదలయ్యేసరికి అనుకున్నదానికి ఏడేళ్లు ఆలస్యమై, ఖర్చు 3,000 కోట్ల డాలర్లు దాటింది. మధ్యలో 2017లో వాటిని తయారుచేసే సంస్థ దివాలా రక్షణ కోరింది. ప్రమాదం జరిగితే ఇచ్చే నష్టపరిహారం విషయంలో, అప్పట్లో అమల్లో ఉన్న 2010 నాటి చట్టం నిర్వాహక సంస్థ బాధ్యతను 1,500 కోట్ల రూపాయలకు పరిమితం చేసిందని చెప్పినప్పుడు, ఆ అంకె సరిపోతుందా అని అడిగారు. అది మూడో కుప్పలోని ప్రశ్న అని చెప్పాము. కొందరికి ఆ సమాధానం నచ్చలేదు. కొవ్వాడలో మత్స్యకారుల ఊళ్లు ఖాళీ చేయడం గురించి కూడా ఇదే జరిగింది. చేపల వేట పోయాక కొత్త ఊళ్లో ఏమి చేసుకుని బతకాలన్న ప్రశ్నకు ఫిజిక్సులో జవాబు లేదు. ఉన్నట్లు మాట్లాడడం సరికాదు.

ఇప్పుడు ఏ స్థితిలో ఉంది

నీటి నివేదికల దస్త్రం గుంటూరు ఉపాధ్యాయుల బృందం దగ్గర ఉంది. కొత్త నమూనాలు వారే తీస్తున్నారు, ఫలితాల అర్థం చెప్పమన్నప్పుడు మాత్రమే మమ్మల్ని పిలుస్తున్నారు. పరీక్షల ఖర్చు చందాల మీద నడుస్తోంది కనుక ఎక్కువ ఊళ్లకు విస్తరించలేదు. పల్నాడు లోపలి ఊళ్లలో ఇది జరగవలసినంత జరగలేదు. ఫోన్ సందేశాలు తగ్గాయని చెప్పలేను. సందేశం వచ్చినప్పుడు, ఏ ల్యాబు, ఏ తేదీ, ఏ యూనిట్ అని ఎదురు అడిగేవారు సంఘంలో కొందరు తయారయ్యారు. విజయవాడలో అటువంటి స్థిరమైన బృందం ఏర్పడలేదు, ఎందుకంటే అక్కడ ప్రజల చేతికి మేము ఏ పనీ ఇవ్వలేకపోయాము. కొవ్వాడ దూరం, బూడిద దగ్గర. బూడిదను కొలవడం మొదలుపెట్టాలన్న ప్రతిపాదన ఇంజనీరు గారి దగ్గర ఉంది.

బృందంలో ఒక విషయం మీద అభిప్రాయ భేదం ఇంకా ఉంది. అణు విద్యుత్తు కావాలా వద్దా అన్నదానిపై నిపుణుడు సొంత అభిప్రాయం చెప్పాలా? చెప్పితే వాస్తవాలను కూడా పక్షపాతంతో చెప్పాడనుకుంటారని కిడ్నీ వైద్యుడి వాదన. చెప్పకపోతే దాచిపెట్టాడనుకుంటారని ఇంజనీరు గారి వాదన. నేను మాత్రం అడిగినప్పుడు చెబుతున్నాను: నియంత్రణ సంస్థ ప్రభుత్వం నుంచి స్వతంత్రంగా ఉండి, కొలతలు ప్రజల చేతికి అందుతూ, కదిలించే కుటుంబాల సమ్మతి నిజంగా తీసుకుంటే బొగ్గు స్థానంలో అణు విద్యుత్తును నేను ఒప్పుకుంటాను; నల్లమలలో తవ్వకాన్ని ఒప్పుకోను. అది ఒక పౌరుడి అభిప్రాయమని, నా మీటరు చెప్పిన మాట కాదని అదే వాక్యంలో చెబుతున్నాను.